తువ్వాల కింద బేరం

యాకయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుందని వరంగల్ ఆటోనగర్‌లో అందరూ అంటారు. అది తప్పు. ముక్కు మీద ఉండే కోపమైతే నాలుగు తిట్లుగా బయటపడి చల్లారిపోతుంది. ఈయన కోపం నేరుగా చేతిలోకి దిగుతుంది. పానా గాల్లోకి లేచాకే ఎదుటివాడికి తెలుస్తుంది యాకయ్యకు కోపం వచ్చిందని. ఒకసారి బోరుబండి డ్రైవరొకడు పాత ఆయిలే పోసి కొత్తదని బుకాయిస్తే, వాడి చేతిని బెంచి మీది వైస్‌లో పెట్టి బిగించబోయాడు. నలుగురు కలిసి లాగితే గానీ వదల్లేదు. అబద్ధమంటే అంత మంట ఆ మనిషికి. అలాంటి యాకయ్య ముప్పై ఏళ్లలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు, అదీ కన్నకూతురితో.

ఆయన పని బోరుబండ్లకూ వరికోత మిషన్లకూ టర్బోలు బాగుచేయడం. టర్బో అంటే పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. పొగగొట్టంలోంచి బయటికి పోయే వేడిగాలితో ఒక చక్రాన్ని తిప్పి, ఆ ఊపుతో ఇంజన్‌లోకి మరింత గాలిని కుక్కుతుంది. ఎంత కుక్కితే అంత బలం. హద్దు దాటితే పగులుతుంది. అందుకే ఆ షెడ్డులో ఒక రివాజు ఉంది. ఏ ఇంజన్ విప్పి కట్టినా, మొదటిసారి పరుగు తీయించేటప్పుడు ఆ పని చేసినవాడే డ్రైవరు పక్కన కూర్చోవాలి. బోల్టు వదులుగా బిగిస్తే తీసిన గోతిలో తానే పడతాడు.

ఆ రివాజు ఊరికే పుట్టలేదు. ఇరవై ఏళ్ల కింద ఎవడో కట్టిన లారీ ఇంజన్ దారి మధ్యలో పగిలింది. లోపలి రాడ్డు ఇంజన్ గోడను చీల్చుకుని బయటికొచ్చింది. సలసల కాగే ఆయిల్ క్యాబిన్‌లోకి చిమ్మి, పక్కన కూర్చున్న డోర్నకల్ సారయ్య మొహాన్ని వలిచేసింది. సారయ్యను దవాఖానకు మోసుకుపోయింది యాకయ్యే. ఇంటికొచ్చి చొక్కా విప్పితే భుజం మీద స్నేహితుడి చెంప తోలు అంటుకుని ఉంది. ఆ చొక్కాను షెడ్డు వెనక కాల్చి, మర్నాటి నుంచి ఆ రివాజు పెట్టాడు.

కూతురు యమున మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. ఆ తర్వాత హైదరాబాద్ షెడ్లలో ఏడాదిన్నర తిరిగి, కారు కంప్యూటర్‌కు మ్యాప్ రాయడం నేర్చుకుంది. ఎంత గాలికి ఎంత పెట్రోలు చిమ్మాలి, ఏ క్షణాన నిప్పు రాజెయ్యాలి అని ఇంజన్‌కు చెప్పే లెక్కను మ్యాప్ అంటారు. విద్య వచ్చింది గానీ ఆడపిల్ల చేతికి బండి ఇచ్చేవాడు రాలేదు. రెండేళ్లుగా వచ్చిన ప్రతివాడూ ల్యాప్‌టాప్ ముందున్న యమునను చూసి, మీ బాపు లేడా అని అడిగేవాడు. యాకయ్య పైకి ఏమీ అనేవాడు కాదు. లోపల మాత్రం ఆ వచ్చినవాళ్లందరి మెడలూ విరిచెయ్యాలని ఉండేది.

అట్లాంటప్పుడు వచ్చాడు భానుచందర్. మిర్చి అడ్తి వ్యాపారి మనవడు, ఇరవై ఆరేళ్లవాడు, ఎర్రటి పెట్రోలు కారు. వంద గుర్రాల బలమున్న ఆ కారుకు రెండువందల యాభై కావాలన్నాడు. హైదరాబాద్ దోస్తులు వాణ్ణి పల్లెటూరివాడని వెక్కిరించారట, వాళ్ల కళ్లముందే వాళ్లను దాటిపోవాలట. కార్లకు మ్యాప్ రాసే అమ్మాయి ఉందట గదా, ఏది అని అడిగాడు. ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి వాడు. యమున మొహం ఆ రోజు వెలిగినట్టు యాకయ్య ఎన్నడూ చూడలేదు.

మూడు రోజులు కూర్చుని యమున ప్లాన్ గీసింది. టర్బో, దాన్ని ఇంజన్‌కు కలిపే గొట్టాలు, గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, పెద్ద ఇంజెక్టర్లు, పంపు, కంప్యూటర్, క్లచ్, బ్రేకులు. వీటన్నిటికన్నా పైన, మొదటి వరుసలో, పిస్టన్లు, రాడ్లు. బండితో వచ్చిన పిస్టన్లు పోతపోసినవి, ఈ ఒత్తిడికి ఆగవు. సుత్తిదెబ్బల కింద గట్టిపడిన ఫోర్జ్‌డ్ పిస్టన్లు బయటి దేశం నుంచి తెప్పించాలి. ఆ ఒక్క వరుసే లక్షా తొంభై వేలు. మొత్తం ఏడున్నర లక్షలు తేలింది.

"బ్రేకులు తర్వాత ఏసుకున్నా నడుస్తది అన్నా, మెల్లగ పోతవు," అంది యమున భానుచందర్‌తో. "ఈ మొదటి లైను మాత్రం ముట్టొద్దు. ఇది లేకుంటే నేను లాప్‌టాప్ గూడ తెరువ."

కాగితం చూసి భానుచందర్ నవ్వాడు. మిర్చి యార్డులో తన తాత చేసినట్టు గుడ్డ కింద వేళ్లు నొక్కి బేరం చేద్దామన్నాడు. యాకయ్య భుజం మీది తువ్వాల లాగి ఇద్దరి కుడిచేతుల మీదా కప్పాడు. వాడి వెంట వచ్చిన ఊరి దోస్తులిద్దరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తూ ఇకిలించారు. ఆట పట్టించడానికి మొదలుపెట్టాడు గానీ తువ్వాల కిందికి పోయాక ఆ వేళ్లు అచ్చం తాత వేళ్లే. గుప్పెడు మొత్తం నొక్కి, చూపుడువేలి సగం కణుపు దగ్గర ఆపాడు. ఐదున్నర లక్షలు. యాకయ్య ఏడు నొక్కాడు. వాడు మళ్లీ ఐదున్నరే నొక్కి, చెవి దగ్గరికొంగి, కుదరకపోతే రేపే బండి హైదరాబాద్ పోతుందన్నాడు.

యాకయ్య చూపు కూతురి మీదికి పోయింది. ల్యాప్‌టాప్‌ను గుండెకు హత్తుకుని, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా చూస్తోంది. ఈ బండి పోతే ఇంకో బండి ఎప్పుడొస్తుందో ఆ దేవుడికే తెలియాలి. మింగలేడు, కక్కలేడు. తువ్వాల కింద వాడి ఐదు వేళ్లూ ఎముకలు కలుక్కుమనేలా పిండి, సరే అన్నాడు.

తువ్వాల కింద కుదిరిన మాట మూడో చెవిలో పడకూడదు. అది అంగడి పుట్టిన నాటి నుంచి వస్తున్న ధర్మం. ఎంతకు కుదిరిందని యమున అడిగితే, నీ కాగితం మీదివన్నీ వస్తాయి, నీ పని నువ్వు చూసుకో అన్నాడు. భానుచందర్‌తోనూ అదే మాట, అన్నీ వస్తాయని. ధర్మానికి తువ్వాల ఎంత బాగా పనికొస్తుందో మోసానికీ అంతే బాగా పనికొస్తుంది.

టర్బో కంటికి కనిపిస్తుంది. ఇంటర్‌కూలర్ కనిపిస్తుంది. క్లచ్ కాలికి తెలుస్తుంది, బ్రేకులు తొక్కితే తెలుస్తాయి. ఇంజన్ మూసేశాక ఎవరికీ కనపడనిది ఒక్క మొదటి వరుసే. యమున వైరింగ్ పని మీద వారం రోజులు హైదరాబాద్ పోయినప్పుడు యాకయ్య ఇంజన్ విప్పాడు. పాత పిస్టన్లనే డీజిల్‌లో కడిగి, తళతళలాడేలా తుడిచి, కొత్త రింగులు తొడిగి, మూత బిగించేశాడు.

ఆయన మనసులో అది పెద్ద మోసంగా కూడా లేదు. డీజిల్ పిస్టన్ రోకలిపోటుకు ఓర్చే రోలు లాంటిది. బోరుబండి ఇంజన్లలో ఇరవై పౌండ్ల ఒత్తిడిని పదేళ్లు తట్టుకున్న పిస్టన్లను ఆయన కళ్లారా చూశాడు. వీళ్లు చదువుకున్న పిల్లలు, పుస్తకంలో ఉన్నదల్లా కొనమంటారు అనుకున్నాడు. పెట్రోలు పిస్టన్‌ను డీజిల్ కంటితో చూడటం ఆటోనగర్ మిస్త్రీలందరికీ ఉన్న జబ్బే. ముప్పై ఏళ్ల అనుభవం ఒక్కోసారి మనిషిని ముప్పై ఏళ్లు గుడ్డివాణ్ణి చేస్తుంది.

యమున తిరిగొచ్చి, పాత పిస్టన్లు ఏవి బాపూ అని అడిగింది. పాత సామాను వాడికి వేశానన్నాడు. కొత్తవాటికీ సిలిండరు గోడకూ మధ్య సందు ఎంత ఉంచావు, మ్యాప్‌లో రాసుకోవాలి అంది. ఉంచాల్సినంత ఉంచానన్నాడు. అంకె చెప్పు బాపూ అంది. అబద్ధానికి అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి? రెండోసారి అడిగింది. మూడోసారి అడిగేలోపు యాకయ్య చేతిలోని పద్నాలుగో నంబరు పానా గాల్లో ఉంది.

కనుబొమ్మ మీద తగిలింది. యమున అరచెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది, వేళ్ల సందుల్లోంచి నెత్తురు మోచేతి దాకా కారి ల్యాప్‌టాప్ మీద పడింది. మూడు కుట్లు పడ్డాయి. రాత్రి తల్లి పూలమ్మ మొగుడికి అన్నం గిన్నె విసురుగా పెట్టి, నీ చేతులు పడిపోను అని ఒకే మాట అంది. యాకయ్యకు కూతురి కాళ్లు పట్టుకుని నిజం చెప్పేయాలనిపించింది. లేచి, గదిదాకా పోయి, తలుపు దగ్గర నిలబడి, గాయానికి పసుపు అద్దుకో అని మాత్రం చెప్పి వెనక్కొచ్చాడు. యమున ఆ తరువాత సందు సంగతి ఎత్తలేదు.

బండి తయారయింది. మొదటి పరుగుకు ఒత్తిడి తొమ్మిది పౌండ్ల దగ్గరే పెట్టింది యమున. రివాజు ప్రకారం ఇంజన్ కట్టిన యాకయ్య పక్కన కూర్చున్నాడు. ఎర్ర కారు ఈల వేసుకుంటూ నర్సంపేట రోడ్డు మీద ఎగిరిపోయింది. యాకయ్యకు ఛాతీ పొంగింది. లక్షా తొంభై వేలు ఎట్లా దండగయ్యేవో చూశావా అని మనసులో కూతురితో వాదన గెలిచాడు. ఆ వారం రోజులూ మీసం మెలేస్తూ తిరిగాడు.

ఆదివారం పొద్దున ఆరింటికి అసలు పరుగు. ఇంకా తెరవని బైపాస్ ముక్క మీద, పూర్తి బలంతో. యాకయ్య ముందే లేచి షెడ్డుకు పోయాడు. ముప్పై ఏళ్ల అలవాటు కొద్దీ మూడో సిలిండరు స్పార్క్ ప్లగ్గు విప్పి వెలుతురులోకి పట్టి చూశాడు. తెల్లటి పింగాణీ మీద ఆవగింజలో నాలుగో వంతు ఉండే బూడిదరంగు చుక్కలు. గోటితో గీకాడు. చుక్క మెరిసింది. అల్యూమినియం.

పిస్టన్ కరిగి చిమ్ముతోంది. తొమ్మిది పౌండ్లకే.

ప్లగ్గు తిరిగి బిగించాడు. యమున రాగానే చెప్పెయ్యాలనుకున్నాడు. ఎట్లా మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు. కానీ యమునా, భానుచందరూ ఒకేసారి వచ్చారు, వెనక ఫోన్లెత్తిన దోస్తులిద్దరు. ఎంత పెట్టినవు బిడ్డా అని అడిగాడు. పద్దెనిమిది అంది యమున. ఫోర్జ్‌డ్ పిస్టన్లు గదా, ఇరవై కూడా ఆగుతాయి, అయినా జర హద్దులో ఉంచానంది. కనుబొమ్మ మీద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

ఇవాళ వద్దన్నాడు యాకయ్య. ఎందుకని యమున అడిగింది. సరే, నేను కూర్చుంటానన్నాడు.

"బోల్టు బిగించినోడివని మొన్న నువ్వు కూసున్నవ్," అంది యమున. "ఇయ్యాల నడిచేది నా మ్యాప్. నేనే కూసోవాలె. రివాజు నువ్వు పెట్టిందే గద బాపూ."

ఆడపిల్లవు, వద్దన్నాడు. నోటికి వేరే మాట దొరకలేదు. ఆ మాట అన్నాక ఇక ఏం చెప్పినా అదే అవుతుందని ఆయనకు వెంటనే తెలిసింది. యమున ఒకసారి తేరిపార చూసి, హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చుంది. బెల్టు బిగించుకుంది. మిస్త్రీకి భయం పట్టుకుందిరా అని భానుచందర్ నవ్వుతూ తాళం తిప్పాడు. ఆ చప్పుడుకు షెడ్డు రేకులు అదిరాయి. వేడి పోవడానికని బానెట్ ముందే విప్పేశారు. ఇంజన్ నగ్నంగా ఊగుతోంది, టర్బో ఈల వేస్తోంది.

యాకయ్యకు కారు అద్దం వెనక కూతురి మొహం కనపడలేదు. సారయ్య మొహం కనపడింది. తోలు లేని చెంప, పెదవుల్లేకుండా బయటపడ్డ పళ్లు. నోరు తెరిచాడు. ఏదో అన్నాడు కూడా. ఆ మోతలో అది ఆయనకే వినపడలేదు.

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. మూలన ఉన్న సమ్మెట అందుకున్నాడు.

మొదటి దెబ్బకు గాలిగొట్టం చీలి ఇంజన్ గావుకేక పెట్టింది. రెండో దెబ్బ టర్బో మీద. లోపల నిమిషానికి లక్ష చుట్లు తిరిగే చక్రం ముక్కలై, ఒక ముక్క యాకయ్య బుగ్గను చీల్చుకుని పోయింది. ఆయనకు తెలియలేదు. మూడో దెబ్బ, నాలుగో దెబ్బ. ఇంజన్ ఆగిపోయింది. ఆగాక కూడా కొట్టాడు. వేడి నీళ్లు, ఆయిలు, పెట్రోలు మొహాన చిమ్ముతుంటే, ఏడుస్తూ, ఆ ఇంజన్‌ను పాముని కొట్టినట్టు కొట్టాడు. తన కూతురి మొదటి బండిని తన చేతులతోనే చంపాడు.

భానుచందర్ కిందికి దూకి జాకీ రాడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బ సమ్మెట పట్టుకున్న కుడి మణికట్టు మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు టప్పుమంది. సమ్మెట జారింది. రెండోది వీపు మీద, మూడోది మోకాలి వెనక. యాకయ్య బోర్లాపడ్డాడు. దోస్తులు ఫోన్లు జేబులో పెట్టుకుని కాళ్లతో తన్నారు. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ముప్పై ఏళ్లలో మొదటిసారి యాకయ్య తిరిగి కొట్టలేదు. పడే ప్రతి దెబ్బకూ ఆయనకు లోపల ఎక్కడో హాయిగా ఉంది.

నాలుగో దెబ్బ పడలేదు. బెల్టు విప్పుకుని దిగిన యమున వీల్ పానాతో భానుచందర్ ముంజేతి మీద కొట్టింది. జాకీ రాడ్డు ఎగిరి రేకులకు తగిలింది. తండ్రి మీద కాళ్లు చెరోపక్క వేసి నిలబడి, పానా రెండు చేతులతో పైకెత్తింది.

"ఇంకొకడు ముట్టుకుంటే మోకాలు చిప్పలు పగులుతయ్," అంది. "పొండ్రి."

వాళ్లు వెళ్లిపోయారు. సాయంత్రం లెక్క తేల్చుకుంటానని, పోలీసు కేసు పెడతానని భానుచందర్ గేటు దగ్గర్నుంచి అరిచాడు. యమున పానా కింద పడేసింది. తండ్రిని లేపి ఆటో ఎక్కించింది. దారిలో ఎందుకు కొట్టావని అడిగినా బాగుండేది. అడగలేదు.

దవాఖానలో మణికట్టుకు పట్టీ వేశారు. మెడలో వేలాడదీయడానికి ఏదైనా గుడ్డ ఇమ్మంటే తన తువ్వాలనే కట్టించుకుందామనుకున్నాడు గానీ, చూస్తే దానినిండా నెత్తురు. దాన్ని మంచం మీదే పడేశారు. పూలమ్మ వచ్చి, ఏడ్చి, చాయ్ తేవడానికి కిందికి పోయింది. యమున మధ్యాహ్నమంతా కనపడలేదు.

నాలుగింటికి వచ్చింది. మోచేతుల దాకా ఆయిల్ మరక. ఇంజన్‌లో ఎంత మిగిలిందో చూసి బాగుచేద్దామని విప్పిందట. చేతిసంచిలోంచి ఒక పిస్టన్ తీసి మంచం మీద, ఆయన తొడ పక్కన పెట్టింది. అంచు ఎలుక కొరికిన రొట్టెలా తరిగిపోయి ఉంది. నెత్తిన పాత కంపెనీ గుర్తు తళతళలాడుతోంది. తాను కడిగి తుడిచిందే.

యాకయ్య తల ఎత్తలేదు. దెబ్బ పడుతుందనుకున్నాడు. పడాలని కోరుకున్నాడు. ఆమె చెయ్యి లేస్తే తన అబద్ధం బరువు కొంతైనా దిగుతుందనిపించింది.

"గంత పెద్ద సమ్మెట లేపినవ్," అంది యమున. "ఒక్క మాట లేపరాకపాయెనా బాపూ? మార్చలే అంటే అయిపోతుండె."

"ఆ బండి పోతే మల్ల నీకు ఎవ్వడు ఇయ్యడనుకున్న బిడ్డా."

"నన్ను నమ్మొచ్చిన బండి అది. దాంట్ల నన్నే చావనీకి కూసోబెడితివి."

అప్పుడే వార్డు గుమ్మంలో భానుచందర్ కనపడ్డాడు, చేతికి కట్టుతో, ఒంటరిగా. వాణ్ణి చూడగానే యాకయ్య ఎడమచెయ్యి దానంతటదే కదిలి, నెత్తుటి తువ్వాలను పిస్టన్ మీదికి లాగింది. యమున ఆ చేతిని చూసింది. కిటికీవైపు తిరిగి నిలబడింది.

భానుచందర్ మంచం పక్కకొచ్చి, బండి ఎట్లా ఉండేదో అట్లా వారంలో నిలబెట్టాలన్నాడు. లేకపోతే షెడ్డుకు తాళం వేయిస్తానన్నాడు. పిచ్చి పట్టిందా మిస్త్రీ, ఎందుకు కొట్టినవ్, అదొక్కటి చెప్పమన్నాడు. పిచ్చి పట్టిందని ఒప్పుకుంటే సరిపోయేది. వరంగల్‌లో యాకయ్య కోపం సంగతి తెలియనిదెవరికి? అందరూ నమ్మేవారు. షెడ్డు పోయినా పేరు మిగిలేది. కూతురి వీపు కిటికీ దగ్గర కదలకుండా ఉంది.

యాకయ్య తువ్వాల పట్టుకుని పక్కకు లాగేశాడు.

"పిస్టన్లు మార్చలే సేటూ," అన్నాడు. "నీకు అబద్ధం చెప్పిన. నా బిడ్డకు గూడ చెప్పిన. ఇయ్యాల ఆ రోడ్డు మీద మీరిద్దరు కాలిపోతుండె. నోటితోని చెప్పరాక బండిని కొట్టిన."

పక్క మంచాల వాళ్లంతా ఇటే చూస్తున్నారు. భానుచందర్ పిస్టన్ చేతిలోకి తీసుకుని, తరిగిన అంచు మీద బొటనవేలు పెట్టి చూశాడు. వాడి మొహంలో రంగు పోయింది. అది తనకే జరగబోయిన సంగతని మెల్లగా అర్థమయింది వాడికి. పిస్టన్ కింద పెట్టి, బాగున్న చేత్తో యాకయ్య చెంప మీద లాగి కొట్టాడు. వార్డంతా మోగింది. బుగ్గ మీద పొద్దుటి గాయం మళ్లీ విచ్చుకుంది. వాడు వెళ్లిపోయాడు.

యమున ఈసారి అడ్డం రాలేదు. కిటికీ దగ్గర్నుంచి వచ్చి, తువ్వాలలో నెత్తురంటని మూల వెతికి పట్టుకుని తండ్రి బుగ్గకు అదిమింది.

"ఆ చెంపదెబ్బల సగం నేను కొట్టిందే అనుకో బాపూ," అంది.

యాకయ్య తలూపాడు. ఆమె అట్లాగే అదిమి పట్టుకుని మంచం అంచున కూర్చుంది.